మీ తప్పు స్వీకరించబడినది

ముందే చెప్పేస్తున్నాను, నాకు కంప్యూటరు రాదు. నేర్చుకోమని ఎవరూ అనలేదు, అన్నా నేర్చుకునేవాణ్ణి కాదు. ముప్పై నాలుగేళ్ళు రైలు తపాలా పెట్టెలో నిలబడి ఉత్తరాలు సార్టింగు చేసినవాణ్ణి. పెట్టె ఊగుతూనే ఉంటుంది. ఎదురుగా చెక్క గూళ్ళు, గూటికో ఊరు. ఉత్తరం చేతిలో పడగానే అది ఏ గూటిదో చేతికే తెలిసిపోవాలి. అడ్రసు సరిగ్గా ఉంటే ఎవడైనా వేస్తాడు, అందులో గొప్పేముంది? "మా చిన్న మేనత్తకి, పిండిమిల్లు దగ్గర" అని మాత్రమే రాసున్న కార్డుని కూడా ఆ మేనత్త చేతికి చేర్చిన చెయ్యి ఇది. కొప్పిశెట్టి గవర్రాజు చేతిలోంచి ఒక్క కాయితం కూడా తప్పు గూట్లో పడలేదని మా సెక్షన్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళు చెప్పుకోకపోతే నేనే చెబుతాను.

ఇంత చేస్తే రిటైరైన రోజున ఒక శాలువా కప్పి, అరటిపళ్ళ హస్తం చేతిలో పెట్టి పంపేశారు. ప్రశంసాపత్రం ఇస్తారు కదా అని మా ఆవిడ వీరవేణి ముందురోజే హాల్లో గోడకి మేకు కొట్టించింది. ఆరేళ్ళుగా ఆ మేకుకి కిరాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. ప్రతి జనవరిలోనూ కొత్త క్యాలెండరు తగిలిస్తూ ఆవిడ నా వంక ఒక చూపు చూస్తుంది. ఆ చూపు నేను భరించలేను.

అలాంటి నన్ను ధ్రువపత్రాల శాఖవారు కారు పంపించి మరీ పిలిపించారు.

ధ్రువపత్రాల శాఖంటే తెలుసుగా? మనం ఫలానా చోట పుట్టామని, ఫలానా ఇంట్లో ఉంటున్నామని, మనకి తెలిసిన సంగతినే కాయితం మీద రాసి మనకి ఇచ్చే శాఖ. దానికో వెబ్‌సైటు ఉంది. దాని అడ్రసులో శాఖ పేరు, జిల్లా పేరు, పథకం పేరు, పథకం మొదలైన సంవత్సరం, వీటి మధ్యలో చుక్కలు, అడ్డగీతలు, నిలువుగీతలు ఉన్నాయి. దాన్ని ఒక్క తప్పు లేకుండా కొట్టగలిగినవాడికి ధ్రువపత్రం దేనికండీ, పిలిచి ఉద్యోగమే ఇచ్చెయ్యొచ్చు.

డైరెక్టరు సుధాంశు గారికి నలభై నిండలేదు. ఎక్కడో మూడు రోజుల సదస్సుకి వెళ్ళి ఆ ముందువారమే వచ్చారు. ముఖంలో ఇంకా సదస్సు వెలుగు తగ్గలేదు.

"గవర్రాజు గారూ, గత నెలలో మన వెబ్‌సైటుకి సరైన అడ్రసుతో వచ్చినవారు తొమ్మిది వందల మంది. తప్పు అడ్రసు కొట్టి, పేజీ కనబడలేదు అనిపించుకుని వెనుదిరిగినవారు పదకొండు వేల మంది. ఇందులో మీకేం కనిపిస్తోంది?"

"అడ్రసు కాస్త పొట్టి చేస్తే బాగుంటుందనిపిస్తోందండి."

ఆయన జాలిగా నవ్వారు.

"అడ్రసు మార్చాలంటే మూడు శాఖల ఆమోదం కావాలి. తప్పుల్ని అర్థం చేసుకోవడానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. అసలు పౌరుడు తప్పు చేయడు, గవర్రాజు గారూ. పౌరుడు ఒక సూచన చేస్తాడు. దాన్ని చదవలేకపోవడం వ్యవస్థ తాలూకు నిరక్షరాస్యత. 'కనబడలేదు' అనే పదాన్ని ఈ క్షణం నుంచి మన శాఖలో నిషేధిస్తున్నాను."

నిషేధించేశారు. ఎవరి పర్సో పోయినా ఆ ఆఫీసులో "ఇంకా లభ్యం కాలేదు" అనే అనాలి. వెబ్‌సైటులో ఆ పాత మాట తీసేసి సూపరింటెండెంటు పరంజ్యోతి గారు స్వయంగా రాసిన వాక్యం పెట్టారు: "మీ తప్పు స్వీకరించబడినది. మీ ఫోను నంబరు పొందుపరచగలరు. ధన్యవాదములు."

అడ్రసు మొదటి ముక్కలోనే తప్పు కొడితే అది మన దాకా రాదు కదండీ అని ఎవరో గుమాస్తా సందేహం వెలిబుచ్చాడు. దానికీ మందు వేశారు. మన పేరుకి ఇటూ అటూ ఎన్ని తప్పు పేర్లు ఉండగలవో కూడబలుక్కుని, నాలుగు వందల తప్పు పేర్లు శాఖ పేరు మీద రిజిస్టరు చేయించేశారు. ఫైల్లో దానికి 'పరిసర తప్పుల సేకరణ' అని పేరు పెట్టారు. ఎవడు ఏ తప్పు కొట్టినా వచ్చి మా గుమ్మంలోనే పడాలన్నమాట.

ఆ విధంగా 'అస్పష్ట చిరునామాల అవగాహనా విభాగం' పుట్టింది, దానికి నన్ను సలహాదారుగా వేశారు. వడ్రంగిని పిలిపించి నా కొలతల ప్రకారం గూళ్ళు చేయించాను. జననం, నివాసం, కులం, ఆదాయం, రద్దు, ఇతరములు. ముందురోజు జనం కొట్టిన తప్పులన్నీ అచ్చు తీసి, చీటీలుగా కత్తిరించి, బుట్టలో పోసి పొద్దున్నే తెచ్చి నా ముందు పెట్టేవారు. ఆ చీటీ చూసి ఆ మనిషికి ఏ కాయితం కావాలో నేను పోల్చుకోవాలి, గూట్లో వెయ్యాలి. 

"ఫోను నంబరు ఉంది కదండీ, ఫోను చేసి ఏం కావాలని అడిగేస్తే సరిపోదా?" అన్నాను మొదటిరోజున.

పరంజ్యోతి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ముప్పయ్యేళ్ళుగా ఫైళ్ళలో బతుకుతున్న మనిషి, మాట కూడా ఫైల్లోంచే వస్తుంది.

"సదరు దరఖాస్తుదారుని అడిగి తెలుసుకున్నచో, ఈ విభాగము యొక్క ఆవశ్యకత ప్రశ్నార్థకము కాగలదు. కావున అడగరాదు. విచారణ కూడా ఇరుగుపొరుగువారి ద్వారానే జరుపవలెను. దరఖాస్తుదారునికి తెలియరాదు."

నాకు నచ్చింది. మా రోజుల్లోనూ ఉత్తరం విప్పి చదవడం నేరమే. పైన రాసింది చూసే లోపలి మనిషిని పట్టుకోవాలి.

ఇంక చూస్కోండి నా వైభవం. ఒకాయన అడ్రసు కొట్టాల్సిన చోట "పచ్చగేటు, కుక్క ఉంది, కేకేసి రండి" అని తన ఇంటి గుర్తులు కొట్టాడు. నివాసం గూట్లో వేశాను. ఒకావిడ పక్కింటి కోళ్ళు తన పెరట్లో చేస్తున్న అఘాయిత్యం గురించి ఆరు వాక్యాలు రాసి చివర వెబ్‌సైటు పేరు తగిలించింది. ఇతరములు. ఇంకొకడు వరుసగా పందొమ్మిది చుక్కలు పెట్టి ఊరుకున్నాడు. దాని మీద మాత్రం రెండు రోజులు కూర్చున్నాను. కంప్యూటరు మీద ఏ అక్షరం పక్కన ఏ అక్షరం ఉంటుందో ఒక బొమ్మ గీయించి ఎదురుగా అంటించుకున్నాను. నెల తిరిగేసరికి ఏ స్టేషను తర్వాత ఏ స్టేషనో నోటికొచ్చినట్టు అదీ వచ్చేసింది. 

నేను గూట్లో వేసిన చీటీ పట్టుకుని ఇన్‌స్పెక్టరు లోవరాజు మోటారుసైకిలెక్కేవాడు. ఫోను నంబరుని బట్టి ఇల్లు ఆరా తీసి, ఇరుగుపొరుగుని అడిగి, రికార్డులు చూసి, కాయితం తయారుచేయించి, డైరెక్టరు గారి సంతకం పెట్టించి వారంలోగా ఇంటికెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. సరైన అడ్రసు కొట్టినవాళ్ళకి మాత్రం పాత పద్ధతే. వరుస సంఖ్య వస్తుంది, నలభై అయిదు రోజులు ఆగాలి.

మార్చి నెలలో ఒక చేతిరాత నా కంట్లో పడింది. కంప్యూటరు అచ్చులో చేతిరాతేమిటని పరంజ్యోతి గారు నవ్వారు. ఉంటుందండీ మహానుభావా! రోజూ మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి ఒక తప్పు వచ్చేది. ప్రతి అక్షరమూ ఉండాల్సిన చోటికి పక్కనే పడేది. కొన్ని రెండుసార్లు పడేవి, కొన్ని అసలు పడేవే కావు. తెలియక కొట్టిన తప్పు కాదది. తెలిసి, సరిగ్గా కొట్టాలని పళ్ళబిగువున కొడుతుంటే వేలు మాట వినడం లేదు. ఒక్కొక్క అక్షరాన్నీ దాని ఇంటికి చేరిస్తే చివర్న జననం అన్న మాట తేలింది. ఆ గూట్లో వేసి లోవరాజుకి ఇచ్చాను.

ఏప్రిల్ మొదట్లో వాడొచ్చి చెప్పాడు.

"కొత్తరేవుపేటండి. పాలెపు నూకరత్నం అని, రొయ్యల షెడ్డులో పని చేస్తాది. మొగుడు లేడు. కూతురు భవ్యకి గురుకులంలో ఐదో తరగతి సీటొచ్చిందండి. జూను పదో తారీకులోగా జనన ధ్రువపత్రం పెట్టాలంట. లేపోతే సీటు వెనకాల పిల్లకి పోద్ది. పిల్ల పుట్టింది వేరే మండలంలో, ఆస్పత్రి రికార్డు తెప్పించాలి. కాస్త టైం పడతాదండి."

"ఆవిడకి చెప్పావా, పని జరుగుతోందని?"

"భలేవోరండి, తెలియరాదు కదా!" అన్నాడు లోవరాజు.

అందుకే ఆ తల్లి రోజూ ఒంటిగంటా పదికి మళ్ళీ మళ్ళీ కొడుతూనే ఉంది. రోజూ మా వాక్యం ఆవిడకి జవాబిస్తూనే ఉంది, మీ తప్పు స్వీకరించబడినది అని.

ఇంతలో ఊళ్ళో సంగతి పొక్కింది. సరిగ్గా కొడితే నలభై అయిదు రోజులు, తప్పు కొడితే వారం, అదీ ఇంటికే. జనానికి ఈమాత్రం తెలియదా? బస్టాండు ఎదురుగా నెట్ సెంటరువాడు బోర్డు పెట్టాడు: "ఇచ్చట అడ్రసు తప్పుగా కొట్టబడును." పక్కవాడు ఊరుకుంటాడా, "అనుభవజ్ఞులచే" అని కలిపి ఇంకో బోర్డు పెట్టాడు. పొద్దున్న ఆరింటినుంచి వరసలు. ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన గొడుగు పట్టుకుని నా గది దాకా వచ్చి కూలబడ్డారు.

"నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన చెయ్యండీ ఇది. ఎంత ప్రయత్నించినా సరైన అడ్రసే పడుతోంది. నాకు నివాస ధ్రువపత్రం వచ్చే యోగం లేదంటారా?"

నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రెండో బోర్డు కొట్టుకి పంపించాను.

మే నెలకి తప్పులు నెలకి ముప్పై వేలయ్యాయి. సరైన అడ్రసుతో వచ్చినవాళ్ళు నలుగురు. అందులో ఒకరు పరీక్ష కోసం కొట్టిన డైరెక్టరు గారే. ఆయన గోడ మీద గీత ఎక్కుతున్న బొమ్మ చూపిస్తూ మీటింగులో ఉప్పొంగిపోయారు. "ప్రజలు మనకి ఇంత దగ్గరగా ఎన్నడూ రాలేదు!" అన్నారు. సరైన అడ్రసుల సెక్షను గుమాస్తాలకి పని లేకపోతే వాళ్ళని కూడా చీటీలు కత్తిరించడానికి వేశారు.

అయితే లోవరాజుకి ఉన్నది ఒకే మోటారుసైకిలు. ముప్పై వేల ఇళ్ళకి తిరగలేక వాడు నడుం పట్టేసిందని సెలవు పెట్టాడు. అప్పుడు డైరెక్టరు గారికి అనుమానం వచ్చింది, ఇందులో నకిలీ తప్పులు ఉన్నాయేమోనని. పరంజ్యోతి గారు ఒక్క మధ్యాహ్నంలో నిబంధనలు రాసిపారేశారు. అమల్లోకి వచ్చిన వారానికి నాకు చదివి వినిపించారు.

"ఏడవ నిబంధన. తప్పు యథార్థమైనదై ఉండవలెను. ఉద్దేశపూర్వకముగా చేసిన తప్పు తప్పుగా పరిగణింపబడదు. దీనిని యంత్రము పసిగట్టును. ఎనిమిదవ నిబంధన. సందేహాస్పద సందర్భములలో దరఖాస్తుదారు 'తప్పు యథార్థతా ధ్రువపత్రము' సమర్పించవలెను. సదరు పత్రమునకు మన వెబ్‌సైటు ద్వారా, సరైన చిరునామాలో దరఖాస్తు చేసుకొనవలెను. తొమ్మిదవ నిబంధన. సరైన చిరునామా కొట్టగలిగిన వ్యక్తి గతమున చేసిన తప్పులన్నియు ఉద్దేశపూర్వకమైనవిగా భావించి తక్షణమే రద్దు చేయవలెను."

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను.

"ఎనిమిది ప్రకారం సరైన అడ్రసు కొడితే తొమ్మిది ప్రకారం రద్దయిపోతుంది కదండీ. ఇంక ఆ యథార్థతా పత్రం ఎవరికి వస్తుంది?"

"ఇంతవరకు ఎవరికిని రాలేదు," అన్నారాయన తృప్తిగా. "నకిలీలు పూర్తిగా అరికట్టబడినవి."

నూకరత్నం తప్పులు మాత్రం యంత్రానికి కూడా నచ్చాయి. యథార్థం అంటే అలా ఉండాలి. ఆస్పత్రి రికార్డు వచ్చింది. మే ఇరవయ్యేడున కాయితం అచ్చయి, ముద్ర పడి, సంతకానికి సిద్ధమై నా బల్ల మీదికి వచ్చింది. కుమారి పాలెపు భవ్య, తల్లి నూకరత్నం. ఇంక డైరెక్టరు గారి సంతకం ఒక్కటే తరువాయి. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి అడిగి మరీ పాయసం చేయించుకున్నాను.

మర్నాటి తప్పుల్లో నూకరత్నం ఒంటిగంటా పది చీటీ లేదు. ఆ మర్నాటివాటిలోనూ లేదు. మూడోరోజున పరంజ్యోతి గారి బంట్రోతు వచ్చి నా బల్ల మీది కాయితం తీసుకెళ్ళి, ఎర్ర సిరాతో అడ్డగీత గీసిన కవరులో పెట్టి తెచ్చి, 'రద్దు' అని రాసున్న గూట్లో పడేశాడు. ఎందుకయ్యా అంటే, సదరు నూకరత్నం ఇరవయ్యెనిమిదో తారీకున వెబ్‌సైటు అడ్రసు సరిగ్గా కొట్టిందట. తొమ్మిదో నిబంధన.

డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

"కాయితం తయారుగా ఉందండి. తమరు సంతకం పెడితే చాలు. పిల్ల సీటు పోతుంది."

ఆయన కుర్చీలోంచి లేచారు. కోప్పడతారనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఊపారు.

"తప్పుల నుంచి ఒప్పు దాకా ఎదిగిన మొట్టమొదటి పౌరురాలు! ఇది మన విభాగం సాధించిన విజయం. కానీ ఒక్క మినహాయింపు ఇచ్చామంటే, మిగతా తప్పు చేసినవారి నమ్మకాన్ని వమ్ము చేసినవాళ్ళమవుతాం. ఆవిడకి ఎలాగూ వరుస సంఖ్య వచ్చి ఉంటుంది."

వరుస సంఖ్య వచ్చింది. నలభై అయిదు రోజులంటే జూలై పన్నెండు.

దరఖాస్తుదారుని కలవరాదు, అడగరాదు, తెలియరాదు. వాళ్ళ నిబంధన వాళ్ళదే. నేను ఒక పూట సెలవు పెట్టి బస్సెక్కి కొత్తరేవుపేటలో దిగాను.

నూకరత్నం గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. ముప్పయ్యేళ్ళుంటాయేమో. లోపల గోడ వారగా కొత్త రేకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో "పి. భవ్య, 5వ తరగతి" అని రాయించి ఉంది. రంగు పూర్తిగా ఆరిందో లేదోనని ఆ పిల్ల చిటికెనవేలితో తాకి చూస్తోంది. నేను ధ్రువపత్రాల ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే నూకరత్నం వల వదిలేసి ఫోను తెచ్చింది.

"మీరే చూడండి బాబుగారూ! ఒక్కటి కూడా పక్కకి పోలేదు."

నా ఎదురుగా ఆ అడ్రసు మొత్తం కొట్టింది. ఒక్కొక్క అక్షరం కొట్టి, వేలెత్తి, చూసుకుని, మళ్ళీ కొట్టింది. ఒక్క తప్పు లేదు. నేను ముప్పై నాలుగేళ్ళలో అంత శుభ్రమైన పని చూడలేదు.

"ఇదివరకు ఎందుకమ్మా తప్పు పోయేది?"

"ఐసునీళ్ళండి. పొద్దున్నించీ ఐసులో చెయ్యి పెట్టి రొయ్యలు ఒలిస్తే వేలి తోలు లేచిపోద్ది. అన్నాలకి వదిలినప్పుడు ఫోను తీస్తే, నేనొకచోట నొక్కితే అదింకోచోట పడేది. రోజూ మీ తప్పు, మీ తప్పు అని చెప్పేదండి ఫోను. అక్కడందరిలో సిగ్గేసేది. ఇప్పుడు సముద్రంలో వేట బందు కదా, షెడ్డు మూసేశారు. అయినా అలవాటుకొద్దీ ఆ వేళకే కొట్టేదాన్ని. ఈ నెలన్నర్లో వేళ్ళు బాగైపోయాయి. పిల్ల దగ్గర కూచుని నేర్చుకుని కొట్టాను." రెండు చేతులూ చాపి చూపించింది. "కాయితం తెచ్చారా బాబుగారూ?"

ఏం చెప్పమంటారు? చెప్పాను. చెబుతుంటే నా నోరు నాకే చేదయ్యింది. ఆవిడ చివరిదాకా విని, చేతులు వెనక్కి తీసుకుంది.

"అంటే తప్పు కొట్టినన్నాళ్ళూ పని జరిగింది. సరిగ్గా కొట్టేసరికి ఆగిపోయింది."

"అంతేనమ్మా."

"ఇదెక్కడి న్యాయమండి?"

"న్యాయం కాదమ్మా, తొమ్మిదో నిబంధన."

"తగలెయ్యండి మీ నిబంధన! నా పిల్ల పరీక్ష రాసి తెచ్చుకున్న సీటండి అది!" అంది. రేకుపెట్టె దగ్గరున్న పిల్ల మా ఇద్దరి వంకా చూసి, రంగు మీంచి వేలు తీసేసింది.

కాసేపటికి నూకరత్నమే తేరుకుని, సరే, మళ్ళీ తప్పే కొడతానని ఫోను తీసుకుంది. నాలుగుసార్లు కొట్టింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "మీ తప్పు ఉద్దేశపూర్వకముగా ఉన్నందున స్వీకరించబడదు." చేతికి అబద్ధం చేతకాదు పాపం. నేను లేచాను.

"తొమ్మిదో తారీకున పది గంటలకి పిల్లని తీసుకుని టౌనుహాలుకి రామ్మా. ఎందుకని అడగొద్దు. అడగరాదు."

తొమ్మిదో తారీకున ఏమిటంటే, తప్పులు లక్షకి చేరిన సందర్భంగా 'లక్ష చిరునామాల అవగాహన మహోత్సవం'. స్వీకరించిన తప్పులే లక్ష లెండి, పనైన తప్పులెన్నని ఎవరూ అడగలేదు. యాభైమందికి వేదిక మీద ప్రశంసాపత్రాలు. నలభై తొమ్మిది మంది ఉత్తమ తప్పులు చేసిన పౌరులు. యాభయ్యోవాణ్ణి నేను. "ఒక్క కాయితమైనా తప్పు గూట్లో వేయని శ్రీ కొప్పిశెట్టి గవర్రాజు గారికి" అని బంగారు రంగు అక్షరాలతో అచ్చేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజున వీరవేణి లేచి వెళ్ళి గోడమీద క్యాలెండరు తీసేసి, మేకు గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. సాయంత్రానికి ఫ్రేము కట్టే కొట్టులో కొలతలు కూడా చెప్పొచ్చింది.

ఆ యాభై కాయితాల్నీ సంతకానికి వరుసలో పెట్టే పని నాదే. డైరెక్టరు గారి పి.ఏ. రెండుసార్లు లెక్కపెడతాడు. యాభై అంటే యాభయ్యే ఉండాలి, ఒకటి ఎక్కువైతే తీసి చూస్తాడు, తక్కువైతే వెతుకుతాడు. ఒక కాయితం లోపలికి వెళ్ళాలంటే ఒకటి బయటికి రావాలి.

ఎనిమిదో తారీకు మధ్యాహ్నం గూళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాను. రద్దు గూట్లోంచి కవరు తీశాను, కవర్లోంచి కాయితం తీశాను. సన్మానాల కట్టలోంచి ఒకటి బయటికి తీసి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. దాని బదులు భవ్య కాయితాన్ని కట్టలో కాస్త లోపలికి దూర్చాను. డైరెక్టరు గారు ఫోనులో ఎవరికో మహోత్సవం గురించి చెబుతూ యాభై సంతకాలూ పెట్టేశారు. కింద పెట్టమన్నచోట పెట్టుకుంటూ పోయారు, పైన ఏముందో ఆయనకి తెలియరాదు.

మహోత్సవం రోజున హాలు నిండిపోయింది. మూడో వరుసలో వీరవేణి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. వెనకాల ద్వారం దగ్గర నూకరత్నం, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. పరంజ్యోతి గారు మైకు ముందు నిలబడి ఒక్కొక్క కాయితం తీసి పేరు చదువుతున్నారు. డైరెక్టరు గారు అందిస్తున్నారు, ఫొటో తీస్తున్నారు, చప్పట్లు. పందొమ్మిది చుక్కలు పెట్టినవాడికి కూడా ఇచ్చారు.

నలభై ఏడో కాయితం దగ్గర పరంజ్యోతి గారి గొంతు ఆగిపోయింది. కాయితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టి చూశారు. తరవాత కళ్ళజోడు మీంచి వేదిక పక్కనున్న నన్ను చూశారు. నేను పైన తిరుగుతున్న ఫాను వంక చూస్తున్నాను. నా గుండె మాత్రం రైలుపెట్టెలా ఊగిపోతోంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"కుమారి పాలెపు భవ్య, తల్లి నూకరత్నం," అన్నారు గట్టిగా. ఒక్క క్షణం ఆగి, ఎవరూ అడక్కుండానే చెప్పారు: "సదరు పత్రము అన్ని విధములా క్రమముగా ఉన్నది."

నూకరత్నం వేదికెక్కింది. డైరెక్టరు గారు కాయితం ఆవిడ చేతిలో పెట్టి, కెమెరా వైపు తిరిగి, "మీ వంటి పౌరుల తప్పులే మాకు మార్గదర్శకం తల్లీ," అన్నారు.

"ఇంక చెయ్యనండి," అందావిడ. అందరూ చప్పట్లు కొట్టారు.

కాయితం మీది పేరు, తారీకు, సంతకం అక్కడే నిలబడి వేలితో చూసుకుంది. నా వంక ఒక్కసారి చూసి, దండం పెట్టబోయి, నేను తల అడ్డంగా ఊపేసరికి ఆగిపోయింది. టిఫిను పొట్లం ఇస్తున్నా తీసుకోకుండా పిల్లని లాక్కుంటూ మెట్లు దిగిపోయింది. పదకొండింటికి గురుకులం వైపు బస్సుంది. అందుకున్నారని తరవాత లోవరాజు చెప్పాడు.

యాభై పూర్తయ్యాయి. జనగణమన పాడేశారు. నా పేరు పిలవలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు, మూడో వరుసలో ఒక్కరికి తప్ప.

ఇంటికెళ్ళే బస్సులో వీరవేణి పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వంతెన దాటాక ఇటు తిరిగింది.

"మీ కాయితం ఏమైందండీ?"

"తప్పు గూట్లో పడిందే," అన్నాను.

"ఎవరు వేశారు?"

ఆవిడ నా చేతి వంక చూసింది, మొహం వంక చూసింది. పొద్దున్న నేను ద్వారం వైపు ఎన్నిసార్లు చూశానో, ఎవరు మెట్లు దిగి పరిగెడుతుంటే నేను కళ్ళు తుడుచుకున్నానో, ఆవిడ అన్నీ చూసే ఉంటుంది.

"ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటీ తప్పు పోలేదు కదా," అంది చివరికి.

"పోలేదు. ఇదే మొదటిది."

ఆవిడ నా జేబులోంచి పైకి కనబడుతున్న మడత కాయితాన్ని లోపలికి తోసేసి, కండక్టరుని పిలిచింది.

"ఫ్రేముల కొట్టు దగ్గర ఆపొద్దు బాబూ, ముందుకే పోనియ్యి."